వరుస తప్పనివ్వని కండక్టరు

ఇరవై తొమ్మిదేళ్ళు బస్సులో నిలబడి బతికిన మనిషిని తీసుకొచ్చి మంచం మీద పడుకోబెడితే ఊరుకుంటాడా? ఊరుకోడు. మంచాన్నే బస్సు చేసేస్తాడు.

ఆసుపత్రి మూడో అంతస్తులో ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్ళ వార్డు ఉంది. ఆయన చేరిన వారానికే ఆయన అసలు పేరు కేసు షీటుకు పరిమితమైపోయింది. నర్సుల దగ్గర్నుంచి నేల తుడిచే ఆయా దాకా అందరికీ ఆయన రైట్‌రైట్ గారు. పెద్ద డాక్టరు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచి, పక్కకు తిరిగి దగ్గినట్టు నటించాడు.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలంటే, స్పాంజిలా మెత్తగా ఉండాల్సిన ఊపిరితిత్తులు ఎండిన బీరపీచులా గట్టిపడిపోయాయి. ఎందుకు గట్టిపడ్డాయో డాక్టర్లే తేల్చలేకపోయారు. ఇన్నేళ్ళు మింగిన బస్సు పొగ వల్లేనని ఆయన వాదన. నోటికి ఒక్క రోజు కూడా సెలవివ్వనందువల్ల అరిగిపోయాయని ఆయన భార్య వాదన. ఆవిడ ఒక బడిలో గుమాస్తా. లోకంలో దేన్నయినా రిజిస్టరులో రాస్తే తప్ప నమ్మదు.

ఆయన ముక్కులో రెండు మెత్తటి గొట్టాలు, వాటి వెనక ఒక యంత్రం. అది నిమిషానికి యాభై లీటర్ల గాలిని ఆక్సిజన్ కలిపి, వెచ్చజేసి, తడిచేసి, ముక్కులోకి తోస్తుంది. వెళ్ళే బస్సు కిటికీలోంచి మూతి బయటపెట్టినట్టుందని మొదటిరోజు విసుక్కున్నాడు. రెండో రోజుకు దానికి ఇంజను అని పేరు పెట్టాడు. మూడో రోజుకు దాని మోతలో తేడా వస్తే నర్సు కంటే ముందు తనే కనిపెట్టి, నీళ్ళు అయిపోయినట్టున్నాయి చూడండమ్మా అని చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజను ఉన్నంతసేపు తినొచ్చు, మాట్లాడొచ్చు. కానీ మధ్యాహ్నం కునుకుకూ, రాత్రి నిద్రకూ ముక్కూ నోరూ కలిపి కప్పేసే ముసుగు ఒకటి బిగిస్తారు. అది పెట్టాక మాట బయటికి రాదు. ఆయనకు జబ్బు కంటే అదే పెద్ద శిక్ష.

అక్కడ అక్కరకొచ్చింది పంచ్. టికెట్టుకు చిల్లు కొట్టే పాత ఇనుప పంచ్. ఉద్యోగం మానేసిన రోజు డిపోలో అప్పగించాల్సింది, పోయిందని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. జీవితంలో ఆయన చేసిన దొంగతనం అదొక్కటే. దాన్ని మంచం కమ్మీకి ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు దెబ్బలు కొడితే పోనిమ్మని. ముసుగు బిగువుగా ఉంటే ఒకటి. సరిపోతే రెండు. భార్య తన చెల్లెలి సంగతులు ఎత్తుకుంటే ఒకటి, మళ్ళీ ఒకటి, మళ్ళీ ఒకటి.

అయితే ఈ ఇంజన్లూ ముసుగులూ జబ్బును నయం చేసేవి కావు. దాత నుంచి ఊపిరితిత్తులు వచ్చేదాకా మనిషి ప్రాణం జారిపోకుండా పట్టుకునేవి, అంతే. ఆ లోపు మనిషి తన వంతు పని తను చేయాలి. ఆ పని నడక. ప్రతి శుక్రవారం ఆరు నిమిషాల్లో రెండు వందల మీటర్లు నడిచి చూపించాలి. ఒంట్లో ఆ మాత్రం సత్తువ లేనివాడు ఆపరేషన్ బల్ల మీద నుంచి లేవలేడు కాబట్టి, నడవలేకపోతే జాబితాలో పేరును పక్కన పెడతారు. ఇది పెద్ద డాక్టరు మొదటిరోజే మొహమాటం లేకుండా చెప్పాడు.

వార్డు వరండా ఈ కొస నుంచి ఆ కొసకు యాభై మీటర్లు. అంటే నాలుగు ట్రిప్పులు. నడిపించేది ఫిజియోథెరపీ అమ్మాయి. సన్నగా, చువ్వలా ఉంటుంది కానీ పట్టు ఇనుప పట్టు. ఆక్సిజన్ సిలిండరున్న చక్రాల బండిని ఒక చేత్తో తోస్తూ, రెండో చేత్తో ఆయన నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని నడుస్తుంది కాబట్టి ఆవిడ డ్రైవరమ్మ అయింది. వరండాలో స్టాపులు కూడా ఏర్పడ్డాయి. చేతులు కడుక్కునే బేసిను, దుప్పట్ల బీరువా, బరువు తూచే మిషను, చివర కిటికీ. ప్రతి స్టాపు దగ్గరా గోడ కమ్మీకి ఒక దెబ్బ, నాలుగు ఊపిర్లు, రెండు దెబ్బలు. వెనకాల భార్య పాత హాజరు పట్టీ పట్టుకుని వచ్చేది. అందులో తారీకు, ట్రిప్పులు, వేలికి తగిలించిన చిన్న మిషను చూపించిన అంకె. మూడు వారాలు బండి టైము ప్రకారం నడిచింది.

నాలుగో వారం సోమవారం పొద్దున డ్రైవరమ్మ బండి తోసుకుంటూ వచ్చి, బాబాయ్ బయల్దేరదామా అంది. రైట్‌రైట్ గారు కమ్మీకి ఒక దెబ్బ కొట్టాడు.

సరేలే, మూడ్ బాగాలేదేమో అనుకుని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వస్తే మళ్ళీ ఒకటే దెబ్బ. మంగళవారం ఒకటే. నొప్పా అంటే కాదన్నాడు. భయమా అంటే నవ్వాడు. మరేంటి అంటే బండి రిపేరులో ఉందన్నాడు. భార్య బతిమాలింది, తిట్టింది, అన్నం తిననని బెదిరించి ఆకలికి ఆగలేక తినేసింది. చివరికి హాజరు పట్టీలో సోమ, మంగళ, బుధ వారాలకు ఎర్ర సిరాతో గైర్హాజరు అని రాసి ఆయన కళ్ళముందు పెట్టింది. ఆయన చదివి, దస్తూరీ బావుందని చెప్పాడు.

బుధవారం రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు మంచం చివర నిలబడి, శుక్రవారం నడక తప్పితే పేరు పక్కన పెట్టడం తప్పదని, ఇందులో తన చేతుల్లో ఏమీ లేదని చెప్పి వెళ్ళాడు. మూడు రోజులు కదలకపోతే ఇలాంటి మనిషికి కాళ్ళు ఎంత త్వరగా పలచబడతాయో భార్యకు తెలుసు. పేరు పక్కన పెట్టినవాళ్ళ మంచాలు ఏమయ్యాయో కూడా తెలుసు. ఆ రోజు ఆవిడ ఇంక తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని పట్టీలో కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పింది.

ఇంతకీ అసలు సంగతి ఇది. ఆ సోమవారం పొద్దున, డ్రైవరమ్మ రావడానికి ఒక గంట ముందు, జాబితా చూసుకునే ఉద్యోగిని వచ్చింది. పోయిన వారం పరీక్షల్లో ఆయన పరిస్థితి కాస్త దిగజారిందని తేలిందట. జబ్బు ముదిరినవాళ్ళకు ముందు అవకాశం రావాలి కాబట్టి జాబితాలో ఆయన పేరు పైకి జరిగిందట. పక్క మంచం ఆవిడ కంటే కూడా పైకి. శుభవార్త చెప్పినట్టు నవ్వుతూ చెప్పి వెళ్ళింది పాపం.

పక్క మంచం ఆవిడ టైలరు. యాభై ఏళ్ళుంటాయి, పిట్టంత మనిషి, తెర అవతల ముక్కుకు సన్న గొట్టంతో కూర్చుని ఎప్పుడూ ఏదో కుడుతూ ఉంటుంది. ఆక్సిజన్ గొట్టాలు చెవుల వెనక ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయని, వార్డులో అందరి గొట్టాలకూ మెత్తటి గుడ్డ తొడుగులు కుట్టిపెట్టిందీ ఆవిడే. రైట్‌రైట్ గారి తొడుగుల మీద ఎర్ర దారంతో చిన్న చక్రాలు కూడా కుట్టింది. ఆవిడ ఆ వార్డుకు వచ్చింది ఆయన కంటే అయిదు నెలల ముందు.

అయిదు నెలల ముందు వచ్చిన మనిషిని వెనక్కి నెట్టి తను ఎక్కడమా? ఆయన సర్వీసు మొత్తంలో వరుస తప్పి ఎక్కినవాడెవడూ ఆయన బస్సులో కూర్చుని ప్రయాణం చేయలేదు. ఒకసారి డిపో మేనేజరునే దింపాడు. దానికి మెమో వచ్చింది. ఇంకోసారి జోరువానలో, వరుస మధ్యలో దూరి ఎక్కిన ఒక పెద్దావిడను దింపి, చివర్లో నిలబెట్టాడు. ఆ పెద్దావిడ ఆయన అత్తగారు. తర్వాత రెండేళ్ళు ఆవిడ అల్లుడితో మాట్లాడలేదు. తన సంసారంలో అంత ప్రశాంతంగా గడిచిన కాలం మరొకటి లేదని ఆయన ఇప్పటికీ చెప్తాడు.

అందుకని, నడిస్తే తన వంతు ముందొస్తుంది, నడవకపోతే తన పేరు పక్కకు పోయి టైలరమ్మ వంతు ముందుకొస్తుంది అని లెక్కగట్టుకుని, మహానుభావుడు బండి ఆపేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే త్యాగం అంటారని సిగ్గు. త్యాగం కాదు, అది డ్యూటీ. ఆయన మట్టుకు అంతే.

గురువారం మధ్యాహ్నం ఆయన ముసుగు పెట్టుకుని కునుకు తీస్తుండగా భార్యకు తట్టింది. ఆయన ఆగింది సోమవారం. జాబితా ఉద్యోగిని వచ్చింది సోమవారం. వానలో తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో నిలబడ్డ తన తల్లి గుర్తొచ్చింది. పట్టీ మూసి, తెర పక్కకు లాగి టైలరమ్మతో అంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. ఇలాంటి మొగుడితో ముప్పై ఏళ్ళు కాపురం చేస్తే ఏది ఎప్పుడొస్తుందో మనిషికే తెలియదు.

 టైలరమ్మ కుడుతున్న తొడుగు పక్కన పెట్టి, తన రేకు డబ్బాలోంచి కొలతల టేపు తీసి, మెళ్ళో వేసుకుని, ఆక్సిజన్ గొట్టాన్ని చీర కుచ్చిళ్ళలా చేత్తో పోగుచేసుకుంటూ ఇవతలికి వచ్చింది. నాలుగు అడుగులకే ఆయాసపడి ఆయన మంచం మీదే కూర్చుంది. రైట్‌రైట్ గారు కళ్ళు తెరిచేసరికి ఛాతీ చుట్టూ టేపు ఉంది.

“కదలొద్దు అన్నయ్యా, కొలత తప్పుతుంది.”

ఆయన బిత్తరపోయి కమ్మీకి ఒక దెబ్బ కొట్టాడు. ఆవిడ ఆపలేదు.

“నలభై రెండు,” అని భార్యకు చెప్పింది. “రాసుకో వదినా.” టేపు తీసి తన ఛాతీ చుట్టూ వేసుకుంది. “ముప్పై ఒకటి. ఇది కూడా రాయి.”

తర్వాత ఆయన మణికట్టుకున్న పట్టీ తిప్పి రక్తం గ్రూపు చదివింది. తన మణికట్టు పక్కన పెట్టి చూపించింది. అది వేరు, ఇది వేరు.

“ఇప్పుడు చెప్పండి. మీ సైజుకు కుట్టిన చొక్కా నాకెలా పడుతుంది? నా సైజు రవిక మీరేసుకుంటారా?”

భార్యకు నవ్వాగలేదు. రైట్‌రైట్ గారికి కోపం వచ్చింది కానీ ముసుగులో కోపం కనపడదు. ఆయాసం తగ్గేదాకా ఆగి, టైలరమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. అయిదు నెలలుగా ఇక్కడ కూర్చున్నది తొడుగులు కుట్టడానికే కాదట, వచ్చిన ప్రతి డాక్టరునూ అడిగి అంతా తెలుసుకుందట. టేపు పెట్టి కొలవరు గానీ మనిషి ఎత్తు, ఛాతీ ఎంత పట్టేదీ చూస్తారు, రక్తం కలుస్తుందో లేదో చూస్తారు. పెద్ద ఊపిరితిత్తులు తెచ్చి చిన్న ఛాతీలో కుక్కడం కుదరదు. ఆయనకు కుదిరేవి వచ్చినప్పుడు ఆయన లేకపోతే అవి ఆయన సైజువాడే ఇంకొకడికి పోతాయి, ఆవిడకు మాత్రం రావు.

“ఇన్నేళ్ళు కండక్టరుగా చేశారు,” అంది చివరికి. “ఒకే స్టాపులో రెండు రూట్ల జనం నిలబడతారని తెలీదా మీకు? మీ బస్సు వేరు, నా బస్సు వేరు. మీ బస్సొస్తే ఎక్కకుండా నా మొహం చూస్తూ నిలబడితే నాకేం ఒరుగుతుంది?”

 రూట్లు కలిసే స్టాపు గురించి రైట్‌రైట్ గారికి చెప్పడమా! ఒక కోడి వచ్చి కోడిపుంజుకు కూత నేర్పినట్టుంది. కానీ మాట మాత్రం తిరుగులేని మాట. ఎన్నిసార్లు తనే అరవలేదూ, మీ బస్సు కాకపోతే ఫుట్‌బోర్డుకు అడ్డం లేవండి అని? తన బస్సు అయ్యుండీ అడ్డంగా నిలబడ్డవాణ్ణి మాత్రం ఇదే చూడటం. అదీ తనే.

పంచ్ తీసుకుని కమ్మీకి రెండు దెబ్బలు కొట్టాడు. భార్య పరుగున పోయి డ్రైవరమ్మను పిలుచుకొచ్చింది. ఆ సాయంత్రం లేచి నిలబడితే తెలిసింది, మూడు రోజుల్లో కాళ్ళు ఎంత మోసం చేశాయో. బేసిను స్టాపు దాకా వెళ్ళి వెనక్కి రావడానికే తల ప్రాణం తోకకొచ్చింది. వేలి మిషనులో అంకె చూసి డ్రైవరమ్మ మొహం మాడ్చుకుంది. బాబాయ్, మీరు ఈ మూడు రోజులు నన్ను కాదు, మిమ్మల్నే మోసం చేసుకున్నారని కడిగేసింది. తిట్టించుకోవడం ప్రయాణికుల దగ్గర అలవాటే కాబట్టి ఆయన ఓపిగ్గా విన్నాడు. 

శుక్రవారం పది గంటలకు వరండా అంతా జనం. తెరలు తీయించుకుని మంచాల మీది వాళ్ళు తలలు బయటపెట్టారు. పెద్ద డాక్టరు చేతిలో గడియారంతో కిటికీ దగ్గర నిలబడ్డాడు. దుప్పట్ల బీరువా పక్కన కుర్చీ వేయించుకుని టైలరమ్మ కూర్చుంది, మెళ్ళో టేపుతో సహా.

మొదటి ట్రిప్పు బాగానే సాగింది. రెండో ట్రిప్పులో ఎక్స్‌ప్రెస్ బస్సు కాస్తా ప్రతి స్టాపులోనూ ఆగి ఆగి కదిలే పల్లె బస్సయింది. మూడో ట్రిప్పు సగంలో ఛాతీ కొలిమి తిత్తిలా ఎగసిపడటం మొదలైంది. ఆయన గోడ కమ్మీ పట్టుకుని ఒక దెబ్బ కొట్టి ఆగిపోయాడు. డ్రైవరమ్మ సిలిండరు గాలి జోరు పెంచింది. పెదవులు సున్నా చుట్టి, కొవ్వొత్తి ఆర్పినట్టు మెల్లగా వదలమంది. గడియారం ఆగలేదు, ఆగి నడిచే హక్కు ఉంది కానీ టైము మాత్రం ఎవరి కోసమూ ఆగదు. భార్య పట్టీని గుండెకు అదుముకుని నిలబడింది. ఎర్ర కలమా, నీలి కలమా, ఆవిడ చేతిలో రెండూ ఉన్నాయి.

“ఏం అన్నయ్యా,” టైలరమ్మ గొంతు బీరువా దగ్గర నుంచి వచ్చింది. “బండి లేటయితే ప్రయాణికులకు ఏం జవాబు చెప్తారు?”

ఆయన జీవితంలో ఎవరేమన్నా పడ్డాడు, బండి లేటన్న మాట మాత్రం పడలేదు. రెండు దెబ్బలు. మళ్ళీ కదిలాడు. మూడో ట్రిప్పు అయింది. నాలుగో ట్రిప్పులో స్టాపులన్నీ ఎత్తేసి, కళ్ళు నేల పలకల మీద పెట్టి, ఒక పలక, ఇంకో పలక. రెండు వందల మీటర్ల గుర్తుగా నేల మీద అంటించిన పసుపు పట్టీ కిటికీ వైపు కాకుండా ఇటు కొసన, బేసినుకు అయిదు అడుగుల ముందు ఉంది. అది దాటేసరికి ఇంకా పదకొండు సెకన్లు మిగిలున్నాయి. చాలు బాబాయ్, అయిపోయింది, ఆగండి అంది డ్రైవరమ్మ.

ఆయన ఆగలేదు. బేసిను దాకా నడిచి, గోడ కమ్మీకి ఒక దెబ్బ కొట్టి, అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు.

“స్టాపు... కాని చోట... ఆపను,” అన్నాడు.

భార్య నీలి కలం తీసింది.

తర్వాత జరిగిందే తమాషా. వరుసలో టైలరమ్మను దాటి ముందుకు వెళ్ళకూడదని ఈయన అంత గొడవ చేశాడా, తొమ్మిదో రోజు పొద్దున ఫోను వచ్చింది టైలరమ్మకు. చిన్న ఛాతీకి కుదిరేవి, రక్తం కలిసేవి దొరికాయి. ఇరవై నిమిషాల్లో ఆవిడను స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే రైట్‌రైట్ గారి మొహం చూడాలి. సంతోషం ఉంది, దాని అడుగున చిన్న ఉక్రోషం కూడా ఉంది. జాబితాలో పైనున్నది తనేనాయె. ఆవిడ అది కనిపెట్టి, పోతూ పోతూ చెయ్యి ఊపి, నా బస్సొచ్చింది అన్నయ్యా అంది. ఆయన కమ్మీకి రెండు దెబ్బలు కొట్టాడు. స్ట్రెచరు లిఫ్టులోకి వెళ్ళి తలుపు మూసుకునేదాకా కొడుతూనే ఉన్నాడు. చివరికి నర్సు వచ్చి పంచ్ లాక్కుంది.

ఆయన బస్సు రావడానికి మరో రెండున్నర నెలలు పట్టింది. ఆ రెండున్నర నెలల్లో హాజరు పట్టీలో ఒక్క గైర్హాజరు లేదు. మధ్యాహ్నం ముసుగు పెట్టే సమయం రెండు గంటల నుంచి నాలుగు గంటలకు పెరిగింది, ఇంజను యాభై నుంచి అరవైకి పెరిగింది, నాలుగు ట్రిప్పులు మాత్రం నాలుగే.

కబురు వచ్చింది ఒక మంగళవారం మధ్యాహ్నం. అదే రోజు టైలరమ్మ నెలవారీ పరీక్షకు వచ్చి, మొహానికి మాస్కుతో కింది అంతస్తులో కూర్చుని ఉంది. గొట్టం లేదు, సిలిండరు లేదు. తెలియగానే మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు ఉండగా మెట్లెందుకని నర్సు కోప్పడితే, ఎక్కగలను కాబట్టి అంది.

రైట్‌రైట్ గారిని స్ట్రెచరు మీదికి మార్చారు. మీద ఆపరేషను గౌను, ముక్కూ నోరూ మూసిన ముసుగు, పక్కన భార్య, తల దగ్గర డ్రైవరమ్మ. పంచ్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి భార్య చేతికిచ్చాడు.  ఆవిడ దాన్ని టైలరమ్మ చేతిలో పెట్టింది. స్ట్రెచరు కదిలింది. అంతలో టైలరమ్మ కమ్మీకి టక్కున ఒక్క దెబ్బ కొట్టింది.

తోసేవాళ్ళు ఠక్కున ఆగారు.  రైట్‌రైట్ గారు ముసుగులోంచి కళ్ళు పెద్దవి చేసి, రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు. ఒకటి కాదు తల్లీ, రెండు.

“తెలుసులే అన్నయ్యా,” అంది ఆవిడ. వంగి, మెడ దగ్గర ఎవరో హడావుడిగా పీటముడి వేసిన గౌను తాళ్ళు విప్పి, సమంగా లాగి, చక్కటి జారుముడి వేసింది. “ఇంత మంచి ఛాతీకి ఇంత దిక్కుమాలిన ముడా? నా పరువేం కాను?”

అప్పుడు లేచి, రెండు దెబ్బలు కొట్టింది.